కమాన్ పట్టీ నుంచి కత్తి దాకా: ఫిలిప్పీన్స్ కొలిముల్లో ఉక్కుకు పదును ఎలా వస్తుంది?

క్లుప్తంగా

ఫిలిప్పీన్స్‌లో చేత్తో సాగగొట్టి చేసే పనికత్తులకు ఎక్కువగా వాడే ముడిసరుకు పాత వాహనాల కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). ఒకే పట్టీ నుంచి తీసిన రెండు ముక్కల్లో ఒకటి ఏళ్ల తరబడి కొబ్బరితోటలో పనిచేయవచ్చు, రెండోదానికి వారం తిరగకుండానే పళ్లు పడవచ్చు. ఈ తేడా ఉక్కు పేరులోనో, కత్తి మీది నగిషీలోనో ఉండదు. పాను పెట్టేటప్పటి, అంటే ఉక్కును కాల్చి ముంచి గట్టిపరిచేటప్పటి, కొద్ది క్షణాల్లో, వాదర (పదునైన అంచు) కోణంలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈ కత్తుల అమ్మకాలు పెరిగాక పేర్లు, నాణ్యత, చట్టం అనే మూడు విషయాల్లో గందరగోళం కూడా పెరిగింది.

బోలో అంటే ఒక కత్తి కాదు

అమ్మకపు ప్రకటనల్లో ప్రతి ఫిలిప్పీన్ కత్తికీ ‘బోలో’ అనే పేరు తగిలిస్తున్నారు. మన దగ్గర కొడవలి, వేటకత్తి, కల్లు గీసే కత్తి అన్నింటినీ కలిపి ‘కత్తి’ అన్నట్టే ఇదీ. 7,641 దీవుల దేశంలో ప్రతి ప్రాంతానికీ తన పేరు, తన ఆకారం ఉన్నాయి. తగలోగ్ మాట్లాడే లూజోన్ ప్రాంతంలో ‘ఇతాక్’, విసాయ దీవుల్లో ‘సుందాంగ్’ అంటారు. సెబులో వినిపించే ‘పినుతి’ అనే పేరుకు మూలం తెలుపు అని అర్థమిచ్చే ‘పుతి’. నల్లటి కొలిమి పెచ్చు పోయి, సానకు మెరిసేలా తెల్లబడిన అలుగు (కత్తి రేకు) అన్నమాట. ‘గినుంతింగ్’ పేరు కత్తెర నుంచి వచ్చింది. దాని అలుగు విడదీసిన కత్తెరలో ఒక సగంలా కనిపిస్తుంది. కొబ్బరి గెల పొత్తిని పలచగా కోసి కల్లు దించే గీతకార్మికులు వాడే వంపుకత్తి ‘సంగ్గోట్’. ఆ పని ఎలాంటిదో గౌడ, ఈడిగ కుటుంబాల వారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. రోజుకు పలుమార్లు పొత్తిని చీల్చకుండా పలుచని పొర తీయాలి కాబట్టి దాని వాదర మామూలు బోలో కంటే చాలా సన్నగా ఉంటుంది.

దక్షిణాన మిందనావో, సులు దీవుల ముస్లిం సమాజాల కత్తులది వేరే వరస. ఆకులా మధ్యలో ఉబ్బి, వెన్ను మందంగా ఉండే ‘బారోంగ్’, రెండువైపులా పదునున్న ‘కాలిస్’, మీటరు దాకా పొడవు పోయే ‘కాంపిలాన్’ యుద్ధం కోసం పుట్టినవి. ఉత్తరాది బోలో ప్రధానంగా పొలం పనిముట్టు. అయినా అవసరం వచ్చినప్పుడు అదే ఆయుధమైంది. 1896లో స్పెయిన్‌పై తిరగబడిన కతిపునన్ అనే విప్లవ సంఘం దళాల చేతుల్లోనూ, 1901 సెప్టెంబరు 28న సమార్ దీవిలోని బలంగిగాలో అమెరికన్ సైనికుల మీద విరుచుకుపడ్డ ఊరివాళ్ల చేతుల్లోనూ ఉన్నవి బోలోలే. ఆ తర్వాత అమెరికా సైన్యం 1909, 1917 నమూనాలుగా తన సొంత బోలోలు చేయించుకుంది.

ఉక్కు ఎక్కడిది

కమ్మరిని ఫిలిప్పీన్స్‌లో ‘పాండాయ్’ అంటారు, కొలిమి శాలను ‘పాండాయాన్’ అంటారు. పంపాంగాలోని అపాలిట్, బతాంగాస్‌లోని తాల్, బోహోల్‌లోని లోఆయ్ ఈ పనికి పేరున్న ఊళ్లు.

ఒకప్పుడు ఉక్కు అరుదు. మెత్తటి ఇనుప ఒడలికి వాదర మేర మాత్రమే ఉక్కు అతికి కత్తి చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. అమెరికా సైన్యం వదిలివెళ్లిన జీపులు జీప్నీలనే ప్రయాణికుల బళ్లయ్యాయి. జీప్నీలు, లారీలు పెరిగేకొద్దీ వాటి అరిగిన కమాన్ పట్టీలు తుక్కు దుకాణాల్లో గుట్టలు పడ్డాయి. తగలోగ్‌లో వాటిని ‘మొల్యే’ అంటారు. తెలుగు ఊళ్లలో కమ్మరులు లారీ పట్టీ ముక్కలతో కొడవళ్లు, గొడ్డళ్లు చేయడానికి వెనకున్న లెక్కే అక్కడా పనిచేసింది: మంచి ఉక్కు, తక్కువ ధర, దాదాపు కావలసిన మందం.

పట్టీల్లో తరచూ కనిపించే ఉక్కు రకం 5160. ఇందులో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 0.7 నుంచి 0.9 శాతం, మాంగనీస్ 0.75 నుంచి 1 శాతం వరకు ఉంటాయి. వాదర గట్టిపడటానికి ఆ కార్బన్ చాలు. క్రోమియం, మాంగనీస్ వల్ల నూనెలో ముంచినా లోపలి దాకా గట్టిపడుతుంది. కార్బన్ మరీ ఎక్కువ లేకపోవడంతో దెబ్బకు తట్టుకునే జిగి మిగులుతుంది. గంటల తరబడి వెదురు నరికే కత్తికి ఈ మూడూ అవసరమే. అందువల్ల ‘తుక్కు ఇనుముతో చేసింది’ అని ఈ కత్తులను తీసిపారేయడం సరికాదు. ప్రతి పట్టీ 5160 అనుకోవడం కూడా సరికాదు. వాహనం ఏ దేశానిది, ఏ కాలంది అన్నదాన్ని బట్టి ఉక్కు మారుతుంది. అందుకే జాగ్రత్తపరుడైన పాండాయ్ కొత్త సరుకు రాగానే చిన్న ముక్క కోసి కాల్చి, ముంచి, విరిచి చూస్తాడు. విరిగిన చోట గింజ (ఉక్కు లోపలి కణాలు) మెత్తటి బూడిదరంగులో పట్టులా ఉంటే సరే. ఉప్పుకల్లులా మెరిస్తే వేడి ఎక్కువైందని అర్థం.

70 మిల్లీమీటర్ల వెడల్పు, 9 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలో 16 సెంటీమీటర్ల ముక్క దాదాపు 790 గ్రాములు తూగుతుంది. పెచ్చుగా రాలేది, సానకు పోయేది తీసేస్తే ఒక మోస్తరు పనికత్తికి ఆ ముక్క చాలు. మీటరు పట్టీలో అలాంటివి ఆరు వస్తాయి.

పాత పట్టీలో అసలు ప్రమాదం కంటికి కనిపించదు. లక్షల సార్లు వంగి లేచిన ఉక్కులో, ముఖ్యంగా నడిమి బోల్టు రంధ్రం చుట్టూ, బిగింపుల దగ్గర, వెంట్రుకవాసి పగుళ్లు ఉంటాయి. వాటిని అలాగే సాగగొడితే పాను పెట్టినప్పుడు టప్పున తెరుచుకుంటాయి. దీనికి తేలికైన పరీక్ష ఉంది. ముక్కను శుభ్రంగా గీకి కిరోసిన్ పూయాలి, కాసేపాగి పొడిగా తుడవాలి, పైన సుద్ద రాయాలి. పగులులోకి దిగిన కిరోసిన్ ఊరి సుద్ద మీద నల్లటి గీతగా తేలుతుంది. బోల్టు రంధ్రానికి అటూ ఇటూ ఉన్న భాగాన్ని కోసి పక్కన పెట్టడం అంతకన్నా సులువైన జాగ్రత్త.

కొలిమి దగ్గర

పాత పాండాయాన్‌లో తోలుతిత్తి కనిపించదు. రెండు నిలువు గొట్టాలు, ఒక్కోదానిలో అంచుకు ఈకలు చుట్టిన దట్టా (పిస్టన్) ఉండేవి. ఒక మనిషి రెండు చేతులతో ఒకటి పైకి, మరొకటి కిందికి ఆడిస్తే గాలి తెగకుండా వచ్చేది. ఆగ్నేయాసియా అంతటా ఉన్న ఏర్పాటు ఇది. ఇప్పుడు దాని స్థానంలో చాలాచోట్ల కరెంటు బ్లోయర్ నడుస్తోంది. బొగ్గు మాత్రం ఎక్కువచోట్ల కర్రబొగ్గో, కొబ్బరిచిప్ప బొగ్గో. గనిబొగ్గుతో పోలిస్తే వీటిలో గంధకం బాగా తక్కువ. గంధకం ఉక్కులోకి చేరితే ఎర్రటి వేడిలోనే అది చిట్లుతుంది.

అసలు పాండాయ్ పట్టకారుతో ముక్కను దాకలి (కింద ఆనుగా ఉండే ఇనుప దిమ్మ) మీద తిప్పుతూ చిన్న సుత్తితో దెబ్బ ఎక్కడ పడాలో చూపిస్తాడు. ఎదురుగా ఒకరో ఇద్దరో సమ్మెటలతో వంతులవారీగా కొడతారు. దాకలి చాలాసార్లు రైలుపట్టా ముక్కో, బరువైన యంత్రభాగమో అయి ఉంటుంది.

కొట్టే వేడికి పై హద్దు, కింది హద్దు రెండూ ఉన్నాయి. బంగారు పసుపు దాటి తెల్లబడి మెరుపురవ్వలు చిమ్మితే ఉక్కు కాలిపోయినట్టే. ఆ భాగాన్ని కోసేయడం తప్ప వేరే మార్గం లేదు. మసక ఎరుపులోకి దిగాక కూడా కొడుతూ పోతే అంచుల్లో నెర్రెలు పడతాయి. సన్నటి వాదర మందపాటి వెన్ను కంటే త్వరగా చల్లారుతుంది కాబట్టి తొందరపాటు దెబ్బలకు మొదట చీలేది వాదరే. అందుకే కొట్టేటప్పుడు వాదర మందాన్ని ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆపి, మిగతాది పాను తర్వాత ఆకురాయితోనో సానరాయితోనో తీస్తారు. కొలిమిలో ఎక్కువసేపు ఉన్న ఉక్కు పైపొరలో కార్బన్ తగ్గిపోతుంది. ఆ పొర తీయకుండా పదును పెడితే మెత్తటి వాదరే దక్కుతుంది. కొత్త కత్తి పదును నిలవడం లేదన్న ఫిర్యాదు కొన్నిసార్లు రెండు మూడు సార్లు సానపట్టాక దానంతట అదే పోవడానికి కారణం ఇదే.

ఆకారం వచ్చాక కత్తిని ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనిస్తారు. ఇలా రెండు మూడు సార్లు చేస్తే, సుత్తి దెబ్బలకూ అతివేడికీ చెదిరిన గింజ మళ్లీ సన్నబడుతుంది. పని తొందరలో వదిలేసే మొదటి మెట్టు ఇదే. ఫలితం నెలల తర్వాత విరిగిన కత్తిలో బయటపడుతుంది.

సుబో: కత్తి తలరాత తేలే చోటు

పాను పెట్టడాన్ని తగలోగ్‌లో ‘సుబో’ అంటారు. 5160 రకం ఉక్కును ముంచాల్సిన వేడి సుమారు 830 నుంచి 850 డిగ్రీల సెల్సియస్. థర్మామీటరు లేని కొలిమిలో దీన్ని రంగును బట్టి పట్టుకోవాలి. పాండాయాన్‌లో నీడ, చీకటి ఉండటం ఇందుకే అవసరం. ఎండలో నారింజ ఎరుపు మసకగా కనిపించి కమ్మరి ఉక్కును అతిగా కాలుస్తాడు. అయస్కాంతం ఒక ఆధారం. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకొక ఛాయ పైకి తీసుకెళ్లాలి.

తర్వాతి ప్రశ్న దేనిలో ముంచాలన్నది. నీరు వేడిని చాలా వేగంగా లాగేస్తుంది. క్రోమియం ఉన్న ఉక్కుకు అంత వేగం అక్కర్లేదు, పైగా పగులు ప్రమాదం. నూనె నెమ్మదిగా చల్లబరుస్తుంది. నూనెను 50, 60 డిగ్రీలకు వేడిచేసి వాడితే చల్లటి నూనె కంటే బాగా పనిచేస్తుందన్నది వినగానే నమ్మబుద్ధి కాదు. వేడికి నూనె పలుచబడి అలుగు చుట్టూ చురుకుగా కదులుతుంది, ఆవిరి పొర త్వరగా తొలగుతుంది. నీళ్లే వాడే పాండాయ్‌లు కత్తి మొత్తాన్ని వదలరు. వాదర వైపు మూడో వంతు వెడల్పును మాత్రమే కొద్ది క్షణాలు ముంచి, నీటిమట్టం దగ్గర గీత పడకుండా పైకీ కిందికీ ఆడిస్తారు.

ఈ పద్ధతిలో గొప్ప సౌలభ్యం ఒకటుంది. వాదర చల్లబడి గాజులా గట్టిపడినా వెన్నులో వేడి మిగిలే ఉంటుంది. కత్తిని బయటికి తీసి వాదర పక్కను రాతితో గబగబా రుద్ది తెల్లగా చేస్తే, వెన్ను నుంచి వేడి వాదర వైపు పాకుతూ రంగులు తెస్తుంది. మొదట లేత గడ్డిరంగు, తర్వాత ముదురు గడ్డిరంగు, గోధుమ, ఊదా, చివరికి నీలం. లేత గడ్డిరంగు సుమారు 210–220 డిగ్రీలు, గోధుమ 250–260, నీలం 300 దగ్గర. నరికే కత్తికి ముదురు గడ్డిరంగు నుంచి గోధుమ మధ్య కావాలి. ఆ రంగు వాదరను తాకగానే మళ్లీ ముంచి ఆపేస్తారు. ఒక్క వేడితో రెండు పనులూ అయ్యాయి: వాదర గట్టిపడింది, వెన్ను సాగుడుగా మిగిలింది. రంగు ఒక్కో చోట ఒక్కోలా పాకుతుంది. ముని (కత్తి కొన) పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ ముందే నీలం వచ్చేస్తుంది. చేయి తిరిగిన వాళ్లు అందుకే ముందు మునిని ముంచి, తర్వాత నడుమను చూసుకుంటారు.

పొరపాటు ఎటు జరిగిందో వాదరే చెబుతుంది. ఎండు వెదురు కణుపు మీద నాలుగు దెబ్బలు వేసినప్పుడు వాదర అర్ధచంద్రాల్లా ఊడిపోతే రంగు రాకముందే చల్లార్చారు. పక్కకు మడత పడితే రంగు దాటనిచ్చారు, లేదా అసలు గట్టిపడే వేడే అందలేదు. ఆకురాయితో గీసి చూడటం ఇంకో పరీక్ష. పాను పట్టిన వాదర మీద ఆకురాయి జారుతుంది, మెత్తటి వెన్నులో దిగుతుంది. ఇత్తడి కడ్డీ మీద వాదరను ఒత్తి నడిపితే మంచి వాదర కొంచెం వంగి తిరిగి నిలబడుతుంది.

ఈ మధ్య కొందరు తయారీదారులు కత్తి మొత్తాన్ని నూనెలో ముంచి, ఓవెన్‌లో 200 నుంచి 230 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచుతున్నారు. వెన్ను కూడా గట్టిగా ఉండి స్ప్రింగులా పనిచేస్తుంది, ఒక కత్తికీ ఇంకో కత్తికీ తేడా తగ్గుతుంది. సమానత కావాలంటే ఇదే మెరుగు. వంగినా విరగని పొలం కత్తికి మాత్రం పాత పద్ధతి ఇప్పటికీ చాలినంత మంచిదే.

ఒకవైపు సాన, రెండువైపుల సాన

విసాయ కత్తులు కొన్నింటికి కుడి పక్కన మాత్రమే ఏటవాలు ఉంటుంది, ఎడమ పక్క చదునుగా ఉంటుంది. వడ్రంగి ఉలిలా అన్నమాట. కుడిచేతివాటం మనిషి వెదురు చెక్కేటప్పుడు చదును పక్క కర్రను ఆనుకుని పోతుంది కాబట్టి పొర ఒకే మందాన లేస్తుంది. సానపట్టడం కూడా ఒక పక్కే. ఇబ్బంది ఏమిటంటే లోతుగా నరికినప్పుడు అలుగు ఒక పక్కకు లాగుతుంది. ఎడమచేతివాటం వాళ్లకు తిరగేసి చేయించుకుంటే తప్ప పనికిరాదు. ఈ సంగతి తెలియక ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు దీన్ని లోపమనుకుని తిప్పి పంపడం, రెండో పక్క సానపట్టి చెడగొట్టడం దండగ.

మిగతా బోలోలకు రెండు పక్కలా కొద్దిగా ఉబ్బెత్తు సాన ఉంటుంది. నరకడానికి మొత్తం కోణం 30 నుంచి 40 డిగ్రీలు, కోయడానికి 20 నుంచి 25. కొబ్బరి డొక్క కొట్టే కత్తికి 20 డిగ్రీల వాదర తీస్తే ఎంత మంచి పానూ దాన్ని కాపాడలేదు. బరువు పంపకం కూడా అంతే ముఖ్యం. పిడి దగ్గర 6, 7 మిల్లీమీటర్ల మందం మునివైపు 3కు తగ్గాలి. ఆ తగ్గింపు లేని కత్తి పారలా బరువుగా లాగి మణికట్టును అలసిపోయేలా చేస్తుంది. యంత్రంతో కోసిన చవక మచెటీలో (నరకడానికి వాడే పొడవాటి కత్తి) రేకు మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. చేతికత్తికీ దానికీ వాడకంలో తెలిసే మొదటి తేడా ఇదే.

పిడి, ఒర

అలుగు తోకను పిడిలోకి దింపుతారు. తోకను కాల్చి, కొద్దిగా ఇరుకుగా తొలిచిన రంధ్రంలోకి ఒత్తితే అది తన దారి తానే కాల్చుకుంటుంది. సందులో చెట్టుజిగురు కరిగించి పోస్తారు, లేదా ఈ రోజుల్లో ఎపాక్సీ. పిడి నోరు చీలకుండా లోహపు పొన్ను (కట్టు) వేస్తారు. పొట్టి తోక, పొన్ను లేని పిడి, ఎండలో కారు డిక్కీలో వదిలేసిన జిగురు కత్తి, ఈ మూడూ పిడి ఊడటానికి మామూలు కారణాలు. పిడికి గేదెకొమ్ము, జామ, నర్రా, నల్లటి కామాగాంగ్ కలపలు వాడతారు. కామాగాంగ్ చెట్టు రక్షిత జాబితాలో ఉంది, అనుమతి లేకుండా నరకడం ఆ దేశంలో నేరం. ఒరను ‘కలుబాన్’ అంటారు. రెండు చెక్కలను లోపల తొలిచి బెత్తంతో కట్టడం పాత పద్ధతి. చెక్క సరిగా ఆరకముందే చేస్తే ఒర బిగుసుకుని కత్తి లోపల తుప్పు పడుతుంది.

పొరల కత్తులు, నకిలీ పొరలు

పాత కాలిస్, కాంపిలాన్ అలుగుల మీద నీటి అలల్లా గీతలు కనిపిస్తాయి. ఇనుమునూ ఉక్కునూ పొరలుగా పేర్చి, అతికి, మడిచి కొట్టడం వల్ల వచ్చినవి అవి. పుల్లటి రసంతో రుద్దితే స్పష్టంగా తేలతాయి. తెలంగాణలోని కోనసముద్రంలో తయారై పర్షియా దాకా వెళ్లిన ఉక్కుదిమ్మల కత్తుల మీదా అలలుంటాయి గాని వాటి పుట్టుక వేరు. అక్కడ మూసలో కరిగించిన అధిక కార్బన్ ఉక్కు నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపల ఏర్పడిన గట్టి కణాల వరసలే గీతలవుతాయి. అందులో మడత ఏమీ లేదు. రెండింటినీ కలిపి ‘డమాస్కస్’ అనేయడం వల్ల రెండు పనితనాలూ మరుగున పడుతున్నాయి. ఇక బజారులో దొరికే చాలా అలల కత్తుల్లో గీతలు కేవలం ఆమ్లంతో వేసినవి. ఆకురాయితో ఓ మూల గీకితే నకిలీ గీత పోతుంది, అసలైన పొర ఆమ్లం తగలగానే మళ్లీ పైకి తేలుతుంది.

పాత కాలిస్‌లో పిడికి ముందుండే వెడల్పు భాగం, ‘గంగ్యా’, విడి ముక్కగా అమరి ఉంటుంది. తర్వాతి కాలం కత్తుల్లో అలుగుతో కలిసిపోయి, అతుకు ఉన్నట్టు గీత మాత్రం చెక్కి ఉంటుంది. పురాతనమని చెప్పి అమ్మేదాన్ని చూసేటప్పుడు మొదట చూడాల్సింది ఇక్కడే.

కొనేవారికి చట్టం

1972 నాటి అధ్యక్ష ఉత్తర్వు 9 ప్రకారం ఫిలిప్పీన్స్‌లో బోలో, బాలిసోంగ్ అనే మడతకత్తి, బారోంగ్, క్రిస్ (కాలిస్) లాంటివి ఇంటి బయట మోయడం నిషిద్ధం. జీవనోపాధికి అవసరమైన పనిముట్టుగా, ఆ పనిలో ఉండగా వాడితే మినహాయింపు. 1978లో బటాస్ పంబన్సా 6 అనే చట్టం శిక్షను నెల నుంచి ఏడాది జైలు లేదా 200 నుంచి 2,000 పెసోల జరిమానా, లేదా రెండూ అని సవరించింది. భుజాన బోలోతో తోటకు వెళ్లే రైతుకూ, సంచిలో అదే కత్తితో నగరంలో తిరిగే విద్యార్థికీ చట్టం ముందు తేడా ఇదే. దావావో, మనీలాల్లో వైద్యం చదివే తెలుగు విద్యార్థులు జ్ఞాపికగా కొనేది ఎక్కువగా బాలిసోంగ్. రెండు పిడి రెక్కలు రెండు మేకుల చుట్టూ తిరిగి అలుగును కప్పే ఈ మడతకత్తికి పుట్టిల్లు బతాంగాస్. బ్రిటన్‌లో 1988 నుంచీ, జర్మనీలో 2003 నుంచీ దీని మీద నిషేధం ఉంది. అటు మీదుగా ప్రయాణించేవారు సామానులో పెట్టుకోకపోవడమే క్షేమం.

భారత ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి అందులోకి రావు. పొలం బోలోకు ఆ వాదన నిలవవచ్చు. వంకర్ల కాలిస్‌కు నిలవదు.

పాండాయాన్‌పై ఒత్తిళ్లు

2009లో రిపబ్లిక్ చట్టం 9850 ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, క్రీడగా ప్రకటించింది. ఆ విద్య నేర్చేవారు పాత ఆకారాల కత్తులు అడుగుతున్నారు. విదేశీ కొనుగోలుదారులు అద్దంలాంటి మెరుగు, చెక్కుడు పిడి కోరుతున్నారు. గీకుడు పనిని యాంగిల్ గ్రైండర్ గంటల నుంచి నిమిషాలకు తగ్గించింది. కానీ పాను పెట్టాక గ్రైండర్‌తో నీళ్లు లేకుండా సాన పడితే వాదర మీద నీలం మచ్చలు వస్తాయి. ఆ మచ్చ పడినచోట పాను పోయినట్టే. అద్దం మెరుగు ఆ మచ్చను దాచగలదు, తిరిగి గట్టిపరచలేదు. మెరుగుకు పెట్టే డబ్బు కొనేవారికి కనిపిస్తుంది, సుబోకు పెట్టే శ్రద్ధ కనిపించదు. ధర మెరుగును బట్టే నడిస్తే కమ్మరి సమయం అటే పోతుంది. ఆన్‌లైన్ గిరాకీతో వస్తున్న అసలు ఇబ్బంది ఇదే.

మరోవైపు పొలాల్లో చవక మచెటీ గట్టి పోటీ ఇస్తోంది. అది పాడైతే పారేసి ఇంకొకటి కొంటారు. పాండాయ్ చేసిన కత్తికి పళ్లు పడితే కథ వేరు. ఊళ్లో కొలిమి ఉంటే పిడి ఊడదీసి, పళ్లు పోయేదాకా నాలుగైదు మిల్లీమీటర్ల వాదర తీసేసి, మళ్లీ కాల్చి సుబో చేసి, అదే పిడి తొడిగి ఇస్తారు. ఇలా రెండు మూడు సార్లయ్యాక అలుగు సన్నబడి నరకడానికి పనికిరాకపోతే, దాన్నే పొట్టిగా కోసి వంటింటి కత్తి చేస్తారు.